కెర్నల్ అప్‌డేట్ తర్వాత సర్వరు లేవకపోతే

కోయంబత్తూరు, మదురైలలోని మన పిల్లలు చాలామంది కంప్యూటర్ కోర్సులు చదువుతున్నారు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషుగా సాగే చదువులో ఒక పాఠం తెలుగులో ఉంటే మంచిదే కదా. లినక్స్ మన ఇళ్లకు కొత్త కాదు. 2011లో తమిళనాడు ప్రభుత్వం ఇవ్వడం మొదలుపెట్టిన ఉచిత లాప్‌టాప్‌లలో విండోస్‌తోపాటు బాస్ లినక్స్ కూడా ఉండేది. అది సీ-డాక్ సంస్థ డెబియన్ ఆధారంగా తయారుచేసినది.

సర్వరులో కెర్నల్ అప్‌డేట్ చేసి రీస్టార్ట్ చేశారు. తెరమీద 'కెర్నల్ పానిక్' అని వచ్చి నిలిచిపోయింది. ఫార్మాట్ చేద్దామని ఎవరో ఒకరు తప్పక అంటారు. ఒప్పుకోకండి. ఫీజు లెక్కలు, మార్కుల రికార్డులు సాధారణంగా డిస్కులో భద్రంగానే ఉంటాయి. వాటిని పోగొట్టేది ఆ ఫార్మాటే.

బ్యాంకులో ట్రయల్ బ్యాలెన్సు కుదరకపోతే పాత లెడ్జర్లన్నీ తిరగేయం. నిన్న కుదిరింది, ఈరోజు కుదరలేదంటే ముందు ఈరోజు పోస్టింగులే చూస్తాం. ఇక్కడా అంతే. అప్‌డేట్ చేసినా పాత కెర్నల్ డిస్కులోనే ఉంటుంది. మెషీను ఆన్ చేస్తూ షిఫ్ట్ కీ (కొత్త మెషీన్లలో ఎస్కేప్) నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. సర్వరు లేచిందంటే తేడా కొత్త కెర్నల్ దగ్గరే.

అప్పుడు ముందుగా 'డీఎఫ్' కమాండ్‌తో బూట్ పార్టిషన్‌లో చోటు చూడండి. చాలాసార్లు దొంగ ఇక్కడే దొరుకుతాడు. డిస్కును తెరవడానికి కావలసిన డ్రైవర్లు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే మూటలో ఉంటాయి. పాత కెర్నళ్లు పేరుకుపోయి పార్టిషన్ నిండితే ఆ మూట సగంలో ఆగిపోతుంది. మూట లేని కెర్నల్, తాళంచెవి లేకుండా స్ట్రాంగ్‌రూమ్ ముందు నిలబడ్డ క్యాషియరు లాంటిది. 'రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేను' అనే సందేశానికి అర్థం అదే.

'యూనేమ్ -ఆర్' కొట్టి, నడుస్తున్న కెర్నల్ పేరు కాగితంమీద రాసుకోండి, దాన్ని తీసేయకూడదు. మిగిలిన పాతవాటిని 'ఆప్ట్' ద్వారానే తొలగించండి, ఫైళ్లను చేత్తో చెరపకండి. తర్వాత 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్'తో కొత్త కెర్నల్‌కు మూట మళ్లీ కట్టించి, 'అప్‌డేట్-గ్రబ్' నడిపి, రీస్టార్ట్ చేయండి. రెడ్ హ్యాట్ వర్గంలో మూట కట్టే కమాండ్ 'డ్రాకట్'.

అసలు గ్రబ్ మెనూయే రాకపోతే? అప్పుడు కెర్నల్‌ను నిందించి లాభం లేదు, దాని వంతు ఇంకా రానేలేదు. 2020 జూలై చివర బూట్‌హోల్ అనే లోపాన్ని సరిచేయడానికి రెడ్ హ్యాట్ ఇచ్చిన అప్‌డేట్ తర్వాత రెడ్ హ్యాట్, సెంట్‌ఓఎస్ సర్వర్లు చాలా లేవలేదు. తేడా గ్రబ్‌కంటే ముందు నడిచే షిమ్ అనే చిన్న ప్రోగ్రాములో ఉంది. రెస్క్యూ డిస్కుతో లోపలికి వెళ్లి పాత షిమ్‌ను తిరిగి పెట్టవలసి వచ్చింది.

సాధన చేయదలచినవారు వర్చువల్‌బాక్స్‌లో రెండు కెర్నళ్లున్న ఉబుంటు పెట్టుకుని, కొత్త కెర్నల్ ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు పేరు మార్చి రీస్టార్ట్ చేయండి. పానిక్ కళ్లారా కనబడుతుంది. పాత కెర్నల్‌తో ఎక్కి, ఆ పేరు మళ్లీ సరిచేయండి.