ఉష్ణమండలంలో తేళ్ల వైవిధ్యం, విస్తరణ: దక్కన్ మెట్ట భూముల దృష్టితో

ఉపోద్ఘాతం

తేళ్లు అరాక్నిడా తరగతికి చెందిన ప్రాచీన సంధిపాద జీవులు. ప్రపంచంలో ఇంతవరకు 2,500కు పైగా, భారతదేశంలో 100కు పైగా జాతులను గుర్తించారు. అంటార్కిటికా మినహా అన్ని ఖండాలలోనూ ఇవి కనిపిస్తాయి. అయితే వీటి వైవిధ్యం భూమధ్యరేఖ చెంతనున్న తేమ అడవులలో కంటే దానికి ఇరువైపులా ఉన్న ఉపోష్ణ శుష్క ప్రాంతాలలోనే అధికం. ఉష్ణోగ్రత, వర్షపాతాలతో పాటు ఆశ్రయమిచ్చే నేల స్వభావం కూడా వీటి విస్తరణను నిర్ణయిస్తుంది.

ఆవాసాన్ని బట్టి విస్తరణ

దక్కన్ పీఠభూమిలో ఈ విషయం స్పష్టంగా కనిపిస్తుంది. మండ్రగబ్బ అని వ్యవహరించే పెద్ద నల్లతేళ్లు స్కార్పియోనిడే కుటుంబానికి చెందినవి. ఇవి బలమైన డెక్కలతో నేలలో బొరియలు తవ్వుకొని నివసిస్తాయి. బొరియ నిలవాలంటే నేల తవ్వడానికి అనువుగా, కూలిపోనంత గట్టిగా ఉండాలి. బుథిడే కుటుంబానికి చెందిన ఎర్రతేలు (హాటెన్‌టోటా టామ్యులస్) రాళ్ల క్రింద, గట్ల సందులలో, కట్టెల కుప్పలలో, మట్టి గోడల పగుళ్లలో తలదాచుకుంటుంది. అదే కుటుంబంలోని లైకాస్ ప్రజాతి జాతులు కొన్ని చెట్ల బెరడు క్రింద నివసిస్తాయి. ఐసోమెట్రస్ మాక్యులేటస్ అనే జాతి ఓడల సరుకుతో పాటు ప్రయాణించి అనేక ఉష్ణమండల తీరాలకు వ్యాపించింది.

సేద్యం వల్ల కలిగే మార్పు

తేళ్లు గుడ్లు పెట్టవు; పిల్లలను కని, మొదటి కుబుసం విడిచేవరకు వీపుపై మోస్తాయి. గర్భధారణ కాలం నెలల తరబడి ఉంటుంది. పెద్ద జాతులు యుక్తవయస్సుకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. అందువల్ల లోతు దుక్కులతో బొరియలు నాశనమైన చోట నల్లతేళ్లు తిరిగి వృద్ధి చెందడం చాలా నెమ్మదిగా జరుగుతుంది. ఎర్రతేలుకు మాత్రం రాతి కట్టలు, ఇంటి పరిసరాలు ఆశ్రయంగా మిగులుతాయి. అనగా, సేద్యపు భూమిలో మనుషులకు అంతగా ప్రమాదం లేని తేలు తగ్గి, ప్రమాదకరమైన తేలు నిలిచే అవకాశం ఉంది. తేళ్లు బొద్దింకలు, మిడతలు, చెదలు వంటి కీటకాలను తినే మాంసాహారులు కావున, వీటిని విచక్షణ లేకుండా చంపడం పొలానికి మేలు చేయదు.

క్షేత్రస్థాయిలో గుర్తింపు

సాధారణంగా లావైన డెక్కలు, సన్నని తోక గల తేళ్ల విషం మనుషులకు తక్కువ ప్రమాదకరం. సన్నని డెక్కలు, లావైన తోక గల తేళ్ల విషయంలో అప్రమత్తత అవసరం. ఇది స్థూల సూత్రమే గాని, వైద్య నిర్ణయానికి ఆధారం కాదు. అతినీలలోహిత కాంతిలో తేళ్లు నీలి-ఆకుపచ్చ కాంతితో మెరుస్తాయి. కావున చీకటి రాత్రులలో ఆ దీపంతో గట్లను, రాళ్ల కుప్పలను, బెరడును వేర్వేరుగా పరిశీలించి, ఏ ఆవాసంలో ఏ జాతి ఉన్నదో నమోదు చేయవచ్చు. అప్పుడే కుబుసం విడిచిన తేళ్లు ఇలా మెరవవని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

రైతులకు సూచనలు

రాళ్లు, కట్టెలు, పంట చెత్త తొలగించేటప్పుడు చేతి తొడుగులు, బూట్లు ధరించాలి. చెప్పులు, దుస్తులు, పరుపులు దులిపి వాడాలి. ఇంటిని ఆనుకొని రాళ్లు, కట్టెలు పేర్చరాదు. ఎర్రతేలు కుట్టినప్పుడు విపరీతమైన చెమట, వాంతులు, కాళ్లు చేతులు చల్లబడటం, ఆయాసం ప్రమాద సూచనలు. పిల్లలలో ముప్పు మరింత అధికం. మంత్రాలతో, కోతలతో, కట్లతో కాలయాపన చేయక వెంటనే ఆసుపత్రికి తరలించాలి. మహారాష్ట్రలోని మహాడ్‌లో వైద్యుడు హిమ్మత్‌రావు బావస్కర్ ప్రాజోసిన్ ఔషధంతో చేసిన చికిత్స అనంతరం ఎర్రతేలు కాటు మరణాలు గణనీయంగా తగ్గాయి. అయితే ఈ ఔషధాన్ని వైద్య పర్యవేక్షణలోనే వాడాలి.

ముగింపు

తేళ్ల నివారణ అనగా తేళ్లన్నింటినీ చంపడం కాదు. ఇంటి చుట్టూ ఎర్రతేలుకు ఆశ్రయం లేకుండా చేయడం, పొలం అంచులలో నల్లతేళ్ల బొరియలను కదపకుండా విడిచిపెట్టడం అనే రెండు పనులను విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు కలిపి బోధించవలసి ఉంది.