తేరు కంటే ముందు నడిచే వెదురు

మా గుడి విచారణ యువత అడిగారు: "అంకుల్, ప్రదక్షిణ పనులు మీకు తెలిసినట్టు మాకు తెలియవు. గుర్తున్నవి కాగితం మీద పెట్టండి." గుంటూరు జిల్లాలో చిన్న కతోలిక పల్లెలో పుట్టి, పదేళ్ల వయసు నుంచి మాత తేరు వెంట నడిచినవాణ్ణి. పద్దెనిమిదేళ్లుగా హైదరాబాద్ కొండాపూర్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి ప్రదక్షిణల్లో కూడా నా చెయ్యి ఉంది. నేర్చుకున్నవి రాస్తున్నాను. వీటిలో కొన్ని పొరపాటు చేసి నేర్చుకున్నవి.

1. వీధి మనది కాదు, అరువు తెచ్చుకున్నది.

మా ఊళ్లో ఈ సంగతి ఎవరూ చెప్పాల్సిన పని ఉండేది కాదు. తేరు వస్తోందంటే మరియమ్మను కొలవని ఇళ్లవాళ్లు కూడా గుమ్మం ముందు కళ్లాపి చల్లి ముగ్గేసేవాళ్లు. ఇక్కడ అలా కాదు. 1998 నవంబరులో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఈ చుట్టుపక్కల ఎక్కువగా బండరాళ్లే. తర్వాత వచ్చినవాళ్లందరం వలస వచ్చినవాళ్లమే. పై అంతస్తులో ఎవరుంటున్నారో కింది అంతస్తుకు తెలియదు. అందుకే పోలీసు అనుమతి ముందుగా తీసుకోవాలి. రోడ్డులో సగమే వాడుకోవాలి, అంబులెన్సు వస్తే రెండో సగం ఖాళీగా ఉండాలి.

అలాగని బిడియపడక్కర్లేదు. ఊరేగింపులు ఈ నగరానికి కొత్తవి కావు. బీబీ కా ఆలం, బోనాల ఘటం, వినాయక నిమజ్జనం అన్నిటికీ హైదరాబాద్ దారి ఇచ్చింది. కతోలికులుగా మనమూ ఈ నగరానికి నిన్నమొన్న వచ్చినవాళ్లం కాదు. సికింద్రాబాద్ సెయింట్ మేరీస్ గుడి 1850 నాటిది, 2008లో బసిలికా అయింది.

2. తేరు ఎత్తు ముందుగా కొలవాలి.

ఎనిమిదేళ్ల కిందట, సెప్టెంబరు 8, మరియమాత పుట్టినరోజు పండుగ. తొమ్మిది రోజుల నవదిన ప్రార్థనలు ముగిసి, ట్రాలీ బండి మీద తేరు కట్టాం. మాత కిరీటం పైన ఇంకో రెండడుగుల ఎత్తున చామంతుల తోరణం పెట్టించింది నేనే, అందంగా ఉంటుందని. ఒక ఇరుకు సందులో స్తంభానికీ స్తంభానికీ మధ్య నల్ల కేబుళ్ల మోపు వేలాడుతోంది. డ్రైవరు చూడలేదు, నేనూ చూడలేదు. తోరణం అందులో చిక్కుకుంది, బండి ముందుకు కదిలింది, టప్పున కేబుల్ తెగింది. మేం పాట ఆపలేదు.

కాసేపటికి ఒక అపార్ట్‌మెంటులోంచి ఒక అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. చెవిలో ఇయర్‌ఫోన్ అలాగే ఉంది. "అంకుల్, ఇంటర్నెట్ పోయింది. అమెరికా వాళ్లతో మీటింగులో ఉన్నాను" అంది. అరవలేదు. గొంతులో ఏడుపుంది. నాకు నోట మాట రాలేదు. మర్నాడు ఫాదర్‌గారితో కలిసి వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాం. తీగ అతికించినవాళ్లకి డబ్బు మేమే ఇచ్చాం.

అప్పట్నుంచి ఇదీ పద్ధతి. అలంకరణ ఎంత ఎత్తు పెట్టాలో ముందే తేల్చుకోవాలి. నేల నుంచి చిట్టచివరి పువ్వు దాకా ఎంత వస్తుందో లెక్కేసి, దానికో జానెడు కలిపి, పొడుగాటి వెదురుకు ఆ ఎత్తున ఎర్రగుడ్డ కడతాం. ముందురోజు సాయంత్రం ఆ వెదురు నిలబెట్టుకుని దారంతా నడుస్తాం. గుడ్డకు తీగ తగిలిన ప్రతిచోటూ రాసుకుంటాం. పండుగ రోజున ఆ చోట్ల ఒక్కో కుర్రాడు పంగలకర్రతో కేబుల్ పైకెత్తి పట్టుకుంటాడు. కరెంటు తీగైతే మాత్రం కర్రతో కూడా ముట్టకూడదు. తోరణమైనా తగ్గించాలి, దారైనా మార్చాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు అని ముందుగానే గేట్ల దగ్గర కాగితం అంటించాలి.

3. మోకు ఎవరు పట్టుకున్నారో అడగకూడదు.

ఇది రాయడం కష్టంగా ఉంది, అయినా రాయాలి. నా చిన్నప్పుడు కొన్ని ఊళ్లలో తేరు ఏ వీధికి వెళ్లాలి, మోకు ఎవరు పట్టాలి అన్నదాన్ని కులమే తేల్చేది. ఒకే గుడిలో ఒకే సత్ప్రసాదం తీసుకున్నవాళ్లు బయటికి రాగానే వేరైపోయేవాళ్లు. నేను పై కులం ఇంట్లో పుట్టాను. నా చేతికి మోకు సులువుగా దొరికింది, నాతో బడికి వచ్చిన స్నేహితుడికి దొరకలేదు. అది తప్పని అప్పుడు అనలేకపోయాను.

అట్టడుగువాళ్ల చేతుల్లోంచే పుట్టిన పెద్ద ఊరేగింపు ఒకటుంది. పెరూ దేశపు లీమాలో అక్టోబరు నెలలో ఊదారంగు బట్టలు కట్టుకుని లక్షలాది జనం అద్భుతాల ప్రభువు వెంట నడుస్తారు. వాళ్లు కొలిచే ఆ సిలువ బొమ్మను 1651లో మట్టిగోడ మీద వేసింది ఆఫ్రికాలోని అంగోలా నుంచి వచ్చిన ఒక బానిస. 1655 భూకంపంలో చుట్టూ అన్నీ కూలినా ఆ గోడ నిలిచింది. 1687లో మళ్లీ భూమి కంపించినప్పుడు ఆ బొమ్మ నకలును వీధుల్లోకి తెచ్చారు. మన దగ్గర 2022 ఆగస్టు 27న పూల అంతోనిగారు కార్డినల్ అయ్యారు. తెలుగువాళ్లలో ఆయనే మొదటి కార్డినల్, దళితుల్లోంచీ ఆయనే మొదటివారు. ఆ రోజు నా పాత స్నేహితుడు గుర్తొచ్చి చాలాసేపు కూర్చుండిపోయాను. కొండాపూర్ తేరు మోకు పట్టుకునేవాళ్ల ఇంటిపేరు ఎవరూ అడగరు. అడగనివ్వకండి.

4. అందరికంటే మెల్లగా నడిచేవాళ్లను ముందు పెట్టాలి.

ఫ్రాన్సులోని లూర్దులో సాయంత్రపు కొవ్వొత్తుల ప్రదక్షిణలో రోగులకు చక్రాల కుర్చీల్లో ముందు వరుసలో చోటిస్తారు. ఇక్కడ మోకాళ్ల నొప్పుల అమ్మమ్మల్ని వెనక వదిలేసి కుర్రాళ్లు ముందుకు పోవడం చూశాను. ఇప్పుడు అమ్మమ్మలే ముందు. ఊరేగింపు వాళ్ల అడుగుతోనే సాగుతుంది.

5. జపమాలలో అయిదు పదులున్నాయి, అయిదు భాషలూ ఉన్నాయి.

మొదటి పది తెలుగులో, తర్వాత ఇంగ్లీషు, తమిళం, మలయాళం. ఆఖరిది హిందీ. ఈ ఆఖరిది మేం పెట్టింది కాదు. ఒక రాత్రి ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు టోపీ తీసి నిలబడ్డాడు, పెదాలు కదులుతున్నాయి. దగ్గరికెళ్తే "ప్రణామ్ మరియా" అంటున్నాడు. జార్ఖండ్ నుంచి వచ్చాడట. ఈ అద్దాల మేడలు కట్టినవాళ్లలో, కాపలా కాసేవాళ్లలో అటునుంచీ ఒడిశా నుంచీ వచ్చిన ఆదివాసీ క్రైస్తవులున్నారు. అన్నాళ్లూ వాళ్ల ముందునుంచే నడిచి వెళ్లాం, ఒక్కసారి పిలవలేదు. మరుసటి ఏడాది హిందీ పది అతనే చెప్పించాడు.

మెడలో ఆఫీసు కార్డు, దాని పక్కనే జపమాల వేసుకుని షిఫ్టు మధ్యలో పావుగంట వచ్చి నడిచిపోయే పిల్లలున్నారు. ఆ పావుగంట తక్కువదనుకోకండి.

6. కొబ్బరికాయకు సిగ్గుపడొద్దు.

లింగంపల్లిలో గౌతమి రైలెక్కి విజయవాడ గుణదల పోయే మనవాళ్లు ఎంతోమంది. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో అక్కడ ఇసుక వేస్తే రాలనంత జనం. ఇటలీ నుంచి వచ్చిన ఆర్లాటి ఫాదర్‌గారు 1924లో కొండ గుహలో లూర్దుమాత స్వరూపం పెట్టారు. 1858 ఫిబ్రవరి 11న లూర్దులో బెర్నదెత్తుకు మాత కనిపించిన రోజే మన పండుగ. ఆ కొండ ఎక్కుతూ మనవాళ్లు తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు, పసిపిల్లల్ని మాతకు చూపిస్తారు. చదువుకున్న కొందరు ఇదంతా అజ్ఞానమంటారు. నేను ఒప్పుకోను. మా అమ్మకు దేవుడితో మాట్లాడ్డానికి తెలిసిన భాష అదే, ఆ భాష దేవుడికి అర్థమైంది.

7. కొవ్వొత్తికి కాగితం కప్పు తప్పనిసరి.

మైనం రోడ్డు మీద కారితే రాత్రి బైకు జారుతుంది. కప్పుకి అడుగున చిల్లుచేసి కొవ్వొత్తి గుచ్చితే కారిందంతా అందులోనే ఉంటుంది. తేరు గుడికి చేరాక పదిమంది చీపుళ్లతో వెనక్కి వెళ్లి పూలు, సీసాలు ఎత్తాలి. రాత్రి 10 దాటాక మైకు మోగకూడదు.

8. వీధి లేని ఏడాది కూడా వస్తుంది.

కరోనాతో 2020లో వచ్చింది. మార్చి 27న వర్షంలో పోపు ఫ్రాన్సిస్ ఖాళీ మైదానంలో ఒంటరిగా నడిచి ప్రార్థించడం టీవీలో చూశాం. అక్కడ పెట్టిన సిలువ 1522లో ప్లేగు వచ్చినప్పుడు రోము వీధుల్లో మోసుకు తిరిగినది. ఆ శుభ శుక్రవారం మా ఫ్లాటులోనే పధ్నాలుగు గోడమూలల్లో పధ్నాలుగు కాగితాలు అంటించి, నేనూ మా మనవరాలూ సిలువ మార్గం నడిచాం. దారి చూపింది తనే.

ఈ ఏడాది నా మోకాళ్లు సహకరించడం లేదు, వెదురు పట్టుకుని దారంతా నడవలేను. పండుగ ముందురోజు సాయంత్రం అయిదింటికి గుడి గేటు దగ్గర వెదురు, ఎర్రగుడ్డ సిద్ధంగా ఉంటాయి. ఇద్దరు చాలు, రండి.