కుమ్మరికి ఏడాది

కుమ్మరికి ఏడాది, గుదెకు ఒక పెట్టు అంటారు. ఆ ఏడాది నిజమైన లెక్కే. నలభై ఏళ్లుగా సారె తిప్పుతున్న మా తెలంగాణ పల్లె పెద్దాయన, వచ్చే ఎండాకాలం అమ్మబోయే మంచినీళ్ల కుండ కోసం ఈ వైశాఖంలోనే చెరువులో దిగుతారు.

చెరువు అడుగు ఎండి నెర్రెలు విచ్చాక, పైమట్టిని జానెడు లోతు తీసేసి కింది బంకమట్టి తవ్వుతారు. చిటికెడు తడిమట్టిని పుల్లలా పేని బొటనవేలికి చుడతారు. పగిలితే ఆ చోటు వదిలేస్తారు. ట్రాక్టరు మట్టిని పెరట్లో పోసి వానాకాలమంతా ముట్టుకోరు. తడుస్తూ ఆరుతూ గడ్డలు వాటంతటవే విచ్చుకుంటాయి, మట్టి సాగడం నేరుస్తుంది. పడుచు వయసులో ఆయనకు ఇంత ఓపిక లేదు. తవ్విన వారానికే సారె ఎక్కించేవారు, అంచులు చిట్లిపోయేవి.

వానలు తగ్గాక మట్టిని దంచి, జల్లించి, రెండు రోజులు నానబెడతారు. నాలుగు పాళ్ల మట్టికి ఒక పాలు సన్న ఇసుక. ఇప్పుడు కొలపాత్ర వాడరు, పిడికిట్లో పిసికి ఎంత కావాలో చెప్పేస్తారు. తర్వాత గంటన్నర కాలితో తొక్కుతారు. మడమ కింద తగిలిన ప్రతి పలుకునీ ఏరేస్తారు. జొన్నగింజంత సున్నపురాయి మిగిలినా ప్రమాదమే. మంటలో అది సున్నమవుతుంది, తర్వాత గాలిలోని తేమ పీల్చి ఉబ్బుతుంది, కుండకు పెచ్చు లేస్తుంది.

పది లీటర్ల కుండకు నాలుగు కిలోల ముద్ద. కర్రతో తిప్పే సారె పోయి కరెంటు సారె వచ్చింది, భుజం నొప్పి తగ్గింది. సారె మీద ఐదారు నిమిషాల్లో మెడా అంచూ తేలతాయి. గోడ మాత్రం వేలంత మందం, అడుగు ఇంకా తెరిచే ఉంటుంది. దారంతో కోసి నీడన పెడతారు.

మర్నాటికి మట్టి వేలికి అంటదు, నొక్కితే లొంగుతుంది. అప్పుడు అసలు పని. లోపల ఎడమచేత్తో గుండ్రాయి ఆనించి, బయట చదును చెక్కతో తడతారు. రాయి అతుక్కోకుండా బూడిద అద్దుతారు. రెండు రోజుల్లో మూడు విడతల దెబ్బలకు గోడ సగం పలచబడుతుంది, పొట్ట ఉబ్బుతుంది, అడుగు మూసుకుంటుంది. దెబ్బ చప్పుడు మారిందంటే అక్కడ గోడ చాలినంత పలచబడినట్టే. ఆయన చూపు ఎటున్నా చెయ్యి ఆగిపోతుంది.

జాజు, అంటే ఎర్రమట్టి పూత, పూసి వారం రోజులు నీడన ఆరబెడతారు. పడమటి గాలి వీస్తే గోనెసంచి కప్పుతారు. ఒక పక్కే ఆరితే బీట తప్పదు. పదంగుళాల కుండ ఆరేసరికి తొమ్మిదిన్నరకు దిగుతుంది.

ఇక ఆవం, కుండలు కాల్చే బట్టీ. కింద కట్టెలు, పిడకలు, వాటిపై బోర్లించిన ఎనభై కుండలు, పైన గడ్డి, దానిమీద తడిమట్టి పూత. మొదటి నాలుగు గంటలు పొగే, మంట లేవనివ్వరు. కుండలో దాగిన తడి ఆవిరై మెల్లగా పోవాలి, తొందరపెడితే గోడ పగులుతుంది. తర్వాత గాలి దారులు తెరుస్తారు. వేడి 600 డిగ్రీలు దాటాక మట్టి మళ్లీ నీళ్లలో కరగదు. 700, 800 మధ్య కుండ కాలుతుంది. ఆయన సందులోంచి కుండ రంగు చూస్తారు, దానిమ్మ గింజ ఎరుపు రాగానే కట్టె ఆపేస్తారు. గాలి ఆడినచోట మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, పొగ కమ్మినచోట కుండ నల్లబడుతుంది. మర్నాటి దాకా ఆవం విప్పరు.

పదింటికి ఒకటి పగలడం మామూలే. ట్రాక్టరు కిరాయి, కట్టెలు, పిడకలు కలిపి ఆవానికి ఐదు వేలు ఖర్చు. కుండ రెండు వందలకు పోతుంది. పగలకుండా మిగిలినవాటిని ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని వేలి కణుపుతో కొడతారు. బీట ఉంటే బొంగురుగా పలుకుతుంది. ఖంగుమన్నవే చూరు కిందికి చేరతాయి.

వాటి గోడల్లోంచి నీళ్లు సన్నగా చెమర్చి ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తాయి. ఊరు ఆ నీళ్లు తాగే వైశాఖంలో, పెద్దాయన మళ్లీ చెరువులో పుల్ల పేని బొటనవేలికి చుట్టి చూస్తుంటారు.