లక్ష్మమ్మ చదివిన అంకె

ఒక ఊళ్ళో ఒకామె. లక్ష్మమ్మ అనుకుందాం. వయసు 52. ఆమెకు రెండు నెలలుగా కడుపు ఉబ్బరం. నాలుగు ముద్దలు తినగానే పొట్ట నిండిపోయేది. గ్యాసు అనుకుంది. సోడా తాగింది. తగ్గలేదు. పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళింది. అండాశయంలో క్యాన్సరు అన్నారు.

గర్భసంచికి అటొకటి, ఇటొకటి అండాశయాలు ఉంటాయి. వాటికి క్యాన్సరు వస్తే, చాలామందికి రక్తంలో ఒక పదార్థం ఎక్కువవుతుంది. దాని పేరు సి.ఎ. 125. రక్తం తీసి దాన్ని కొలుస్తారు. మామూలుగా 35 లోపు ఉంటుంది. లక్ష్మమ్మకు 640 ఉంది.

ఆపరేషన్ చేశారు. మూడు వారాలకు ఒకసారి సెలైనుతో మందు ఎక్కించారు. ఎక్కించే ముందు రక్తం తీసేవారు. 640 కాస్తా 210 అయింది. తర్వాత 60. ఆరుసార్లు మందు పూర్తయ్యేసరికి 12. మందు పని చేస్తోందని అలా తెలిసింది.

అప్పుడు లక్ష్మమ్మకు చదువు రాదు. కొడుకు రిపోర్టు చదివేవాడు. అమ్మ భయపడుతుందని ఒక్కోసారి చెప్పేవాడు కాదు. జబ్బు ఆమెది. అంకె మాత్రం ఆమెకు తెలియదు!

తర్వాత ఆమె రాత్రి బడికి వెళ్ళింది. ఇప్పుడు తేదీ, అంకె తానే నోటు పుస్తకంలో రాసుకుంటుంది.

మందు అయిపోయినా మూడు నెలలకు ఒకసారి పరీక్షకు రమ్మన్నారు. ఒకసారి 13. ఇంకోసారి 14. ఆ తర్వాత 29.

"35 లోపే కదా వదినా! మళ్ళీ ఆసుపత్రి ఎందుకు? బస్సు ఛార్జీలు దండగ" అంది పక్కింటామె.

"పోయినసారి 14. ఇప్పుడు రెట్టింపయింది" అంది లక్ష్మమ్మ. పుస్తకం పట్టుకుని బస్సెక్కింది.

డాక్టరమ్మ పుస్తకం చూసింది. "మంచి పని చేశారమ్మా. కానీ ఒక్క అంకెతో ఏదీ తేల్చలేం. కడుపులో టీబీ ఉన్నా, లివరు జబ్బు ఉన్నా ఇది పెరుగుతుంది. నెల తర్వాత మళ్ళీ చేయించండి. అదే ల్యాబులో చేయించండి. ల్యాబు మారితే అంకె కూడా కొంత మారవచ్చు. ఈలోగా స్కానింగు తీద్దాం" అంది.

"మళ్ళీ మందు ఎక్కిస్తారా అమ్మా?"

"అంకె ఒక్కటే చూసి ఎక్కించం. 2010లో ఒక పెద్ద పరిశోధన ఫలితం వచ్చింది. కొందరికి అంకె పెరగగానే మందు మొదలుపెట్టారు. కొందరికి బాధలు కనిపించాక మొదలుపెట్టారు. ముందుగా మొదలుపెట్టినవాళ్ళు ఎక్కువ కాలమేమీ బతకలేదు. మందు బాధ మాత్రం ముందే మొదలైంది. ఇంకో మాట. అంకె తక్కువే ఉన్నా, కడుపు ఉబ్బితే, నొప్పి వస్తే మూడు నెలలు ఆగకండి. వెంటనే రండి."

స్కానింగులో ఏమీ కనిపించలేదు. నెల తర్వాత రక్త పరీక్షలో 27 వచ్చింది. రెండు నెలలకు మళ్ళీ రమ్మన్నారు.

ఇంటికి రాగానే కొడుకు రిపోర్టు కోసం చెయ్యి చాపాడు.

"27" అంది లక్ష్మమ్మ. పుస్తకం తీసి రాసుకుంది.