పరధర్మాచరణము – అనన్యభక్తి

శ్రీమన్నారాయణుని పాదపద్మములే శరణమని నమ్మిన వైష్ణవునకు అనన్యత ప్రాణసమానము. అట్టి భక్తుడు అన్యమతముల వారి నడుమ జీవించునపుడు వారి ఆచారములను ఎంతవరకు తనవిగా చేసికొనవచ్చును? గౌరవించుటతో ఆగవలయునా, స్వయముగా ఆచరింపవచ్చునా? పటాన్‌చెరు వంటి ఊళ్లలో నివసించు గృహస్థునకు ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచునే యుండును.

హైదరాబాదునకు వాయవ్యమున ముంబయి రహదారిపై నున్న ఈ ఊరు పూర్వము పొట్లచెరువు అను పేర ప్రసిద్ధము. ఇచ్చట బయల్పడిన జైన విగ్రహములు ఒకనాడు ఇది జైనులకు నెలవై యుండెనని చాటుచున్నవి. 1970వ దశకము నుండి పెరిగిన కర్మాగారములు పలు రాష్ట్రముల కార్మికులను ఇచ్చటికి రప్పించినవి. నేడు ఒకే వాడలో ఒక యింట తులసికోటకు ప్రదక్షిణము, ప్రక్కయింట నమాజు, ఎదుటియింట ఏసు ప్రార్థన జరుగుచుండును.

ఈ విషయమున ఈ ఊరికి చక్కని పూర్వచరిత్ర కలదు. గోలకొండ నేలిన ఇబ్రహీం కుతుబ్ షా కాలమున (1550–1580) ఈ సీమకు అధికారిగా నుండిన అమీన్ ఖాన్, పొన్నెగంటి తెలగనార్యుని ‘యయాతి చరిత్రము’నకు కృతిభర్త. భారతములోని యయాతి కథను అచ్చతెనుగున చెప్పిన ఆ కావ్యము ఆ మార్గమున మొదటిదిగా పేరొందినది. అమీన్ ఖాన్ సమాధి నేటికిని పటాన్‌చెరులో నున్నది. పురాణకథను కృతిగా అందుకొనుటకు ఆయన తన మతమును విడువలేదు. ఆయనకు కృతి నిచ్చుటకు కవి తన దైవమును మరువలేదు. తన త్రోవలో తాను నిలిచి ఎదుటివాని త్రోవను ఆదరించుట యనగా ఇదియే. ఇది మొదటి మెట్టు.

వైష్ణవ క్షేత్రములలోను ఈ ఆదరము కానవచ్చును. తెలుగువారు బీబీ నాంచారి యని పిలుచు తల్లి, స్వామిని వలచి వచ్చిన సుల్తాను కూతురని సంప్రదాయ కథనము. శ్రీరంగమున ఆమె నిమిత్తమై స్వామికి రొట్టెలు, వెన్న నివేదింతురు. కడప చెంతనున్న దేవుని కడపలో ఉగాదినాడు మహమ్మదీయులు శ్రీ లక్ష్మీవేంకటేశ్వరుని దర్శించి కానుకలు సమర్పింతురు. తెలంగాణ పల్లెలలో పీర్ల పండుగనాడు హిందువులును మ్రొక్కులు చెల్లింతురు.

ఇతరుల త్రోవను స్వయముగా నడచి చూచుట రెండవ మెట్టు. అది మిక్కిలి కఠినము. దీనికి శ్రీరామకృష్ణ పరమహంస (1836–1886) జీవితము గొప్ప దృష్టాంతము. దక్షిణేశ్వర కాళికాలయమున అర్చకులై, తొలుత జగన్మాత దర్శనమునకై పరితపించి దానిని పొందిరి. పిదప పలు సాధనలకు పూనుకొనిరి. వైష్ణవ సాధనలో హనుమంతుని దాస్యభావమును, జటాధారి యను సాధువు కొలుచు ‘రామలాలా’ యను బాలరామ విగ్రహమును బిడ్డగా లాలించు వాత్సల్యభావమును, రాధాదేవి మధురభావమును అనుభవించిరి.

1866లో గోవిందరాయ్ అను సాధకుని వలన ఇస్లాం ఉపదేశము గైకొనిరి. ఆయన హిందువుగా పుట్టి సూఫీ మార్గమున నడచుచుండినవాడు. పరమహంస ఆ దినములలో అల్లా నామమును జపించి, మహమ్మదీయుల రీతిని వస్త్రము ధరించి, నమాజు చేసిరి. కాళికాలయములోని తమ నివాసమును విడిచి వెలుపల వసించిరి. దేవతామూర్తులను దర్శించు తలంపు సైతము కలుగలేదు. మూడు దినములకు ఆ సాధన ఫలించి, తేజోమూర్తియైన ఒక పురుషుని దర్శనమైనదని చరిత్రకారులు వ్రాసిరి. 1874లో శంభుచరణ మల్లిక్ చదువగా బైబిలు వినిరి. యదునాథ మల్లిక్ తోటయింట బాలయేసును ఒడినుంచుకొన్న మేరీమాత చిత్రమును చూచినపుడు క్రీస్తు భావము వారిని ఆవరించినది. అప్పుడును మూడు దినములు ఆలయమునకు పోలేదు.

ఈ వృత్తాంతమున గృహస్థులు మూడు విషయములను గమనింపవలయును. మొదటిది: అన్యమార్గముల జోలికి పోకమునుపే వారు తమ ఇష్టదైవమును గాఢముగా పట్టుకొనిరి. వేరు పాతుకొనిన చెట్టునకు గాలివలన భయము లేదు. రెండవది: ఇస్లాం మార్గమున వారు తెలిసినవాని యొద్ద శిష్యుడై ఉపదేశము పొందిరి. తమకు తోచినట్లు ఒక నియమమును పట్టుకొని వేరొకదానిని విడువలేదు. మూడవది: ఒక సాధన నడచునపుడు రెండవదానిని దానిలో కలుపలేదు.

ఈ మూడవ విషయము మిక్కిలి ముఖ్యము. రంజాను ఉపవాసమున ఉషఃకాలము మొదలు సూర్యాస్తమయము వరకు నీరు సైతము ముట్టరు. ఏకాదశి వ్రతము మరునాటి ద్వాదశి పారణతో గాని ముగియదు. ఏకాదశి యని పగలెల్ల ఫలములు, పాలు పుచ్చుకొని, సాయంకాలము రంజాను విందులో ఆరగించువాడు రెండు వ్రతములను ఆచరించితినని సంతోషింపవచ్చును. నిజమునకు అతడు రెండింటిని భంగపరచినవాడే యగును. కోరిక తీరుటకై అన్ని ద్వారములను తట్టువాని స్థితియు అట్టిదే. అతని చూపు కోరికపైననే గాని ఏ దైవముపైనను నిలువదు.

పరమహంస నడచిన త్రోవ అందరికి విధింపబడినది కాదు. అనన్యచిత్తులై తన్ను కొలుచువారి భారమును తానే మోతునని గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు అభయమిచ్చెను. ఆ అధ్యాయముననే, శ్రద్ధతో ఇతర దేవతలను కొలుచువారి పూజయు విధి తప్పినదైనను తననే చేరునని తెలిపెను. మొదటి మాట వైష్ణవునకు తన ఆచారమున ధైర్యము నిచ్చును. రెండవ మాట పొరుగువాని ఆచారమును తూలనాడకుండ నాలుకను అదుపులో నుంచును.

కనుక పటాన్‌చెరు వాడలోని గృహస్థుడు తిరుమణిని, తులసిని, ఏకాదశిని లోపము లేకుండ నిలుపుకొనవలయును. తన వ్రతము ఎంత కష్టమో ఎరిగినవానికి, మండుటెండలో నీరు ముట్టక కర్మాగారమున పనిచేయు పొరుగువాని వ్రతము యొక్క విలువ తెలియును. ఉపవాసమున్న ఆతడు అలసినపుడు అతని బరువును కొంతసేపు మోయుట, వారి యింట జ్వరమున్నపుడు తోడు నిలుచుట, వారి ప్రార్థనవేళ తన యింటి ధ్వనిని తగ్గించుకొనుట, ఇవి ఏ సంప్రదాయమునకును విరుద్ధములు కావు. తన యింట సంధ్యాదీపము వెలిగించి, పొరుగింటి ప్రార్థనకు భంగము కలుగనీయని భక్తుని శ్రీనివాసుడు తప్పక కటాక్షించును.