సముద్ర కుసుమము

సీ అనిమోన్ అను సముద్ర కుసుమము చూచుటకు పూవు, నిజమునకు జంతువు. రేకులవలె కనుపించునవి కుట్టు కణములుగల బాహువులు. బీడ్‌లెట్ అను జాతిని బాహువుల వెలుపలనుండు నీలిపూసల వరుసచే గుర్తింపవచ్చును.

స్కాట్లండులో 1828లో సర్ జాన్ డాలియెల్ అను శాస్త్రజ్ఞుడు ఈ జాతి జీవి నొకదానిని తీరమునుండి తెచ్చి గాజుపాత్రలో పెంచెను. సముద్రజలమును మార్చుచు, మితముగా ఆహార మిడుచుండెను. 1851లో ఆయన గతింపగా, దాని నితరులు పోషించిరి. ‘గ్రానీ’, అనగా అవ్వ, యని పేరొందిన ఆ జీవి 1887 వరకు బ్రదికెను.

నేడు ఇండ్లలో పగడపు తొట్లు నిలుపువారును ఇట్లే జాగరూకులై యుండవలెను. సముద్ర కుసుమము మెల్లగా కదలును. కావున నీటిపంపు నోటికి జల్లెడ కట్టవలెను. లేనిచో అది అందు చిక్కి నలిగి, తొట్టినీటిని చెరచును. తెచ్చుట సులభము, కడదాక కాపాడుటయే ధర్మము.