నేతాజీ కాకముందు మేయర్



పోయిన ఏడాది తొమ్మిదో తరగతి తెలుగు పిరియడ్‌లో ఒక చిన్న ప్రశ్న వేశాను. "మన నగరానికి మేయర్ ఎవరు?" అని. ఎవరూ చెప్పలేదు. ప్రధానమంత్రి పేరు అడిగితే అందరూ చేతులెత్తారు. ముఖ్యమంత్రి పేరు సగం మంది చెప్పారు. మేయర్ దగ్గరికి వచ్చేసరికి తరగతి అంతా నిశ్శబ్దం. చివరి బెంచీలో ఉన్న ఒక అమ్మాయి లేచి, "ఇది మా ఊరు కాదు కదా మేడమ్! రెండేళ్లలో నాన్నకి ట్రాన్స్‌ఫర్ అయిపోతుంది" అంది.

ఆ మాటకు నాకు కోపం రాలేదు. పన్నెండేళ్ల ఉద్యోగంలో నాకూ ఇది ఆరో ఊరు. నా ఓటు ఇప్పటికీ మా పుట్టింటి ఊళ్లోనే ఉంది. అక్కడ మున్సిపల్ ఎన్నికలు జరిగిన ప్రతిసారీ నేను ఎక్కడో వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్నాను. ఇంకో నిజం కూడా చెప్పాలి. ఆ ప్రశ్న వేయడానికి ముందు రోజు రాత్రి వరకు మేయర్ పేరు నాకూ తెలియదు.

అందుకే ఈ సంచికలో ఒక మేయర్ గురించి చెప్పుకుందాం. ఆయన పేరు మీ అందరికీ తెలుసు, కానీ మేయర్‌గా తెలియదు. ఆయనే సుభాష్ చంద్రబోస్.

కటక్‌లో పెరిగిన బెంగాలీ పిల్లవాడు

సుభాష్ 1897 జనవరి 23న ఒడిశాలోని కటక్‌లో పుట్టాడు. ఇంట్లో మాట్లాడేది బెంగాలీ, వీధిలో వినిపించేది ఒడియా, బడిలో చెప్పేది ఇంగ్లీషు. మీలో చాలామంది ఇళ్లలాగే ఉంది కదూ! తండ్రి జానకీనాథ్ బోస్ బెంగాల్ నుంచి వచ్చి కటక్‌లో స్థిరపడిన న్యాయవాది. వేరే ప్రాంతం నుంచి వచ్చినా ఆయన ఆ ఊరిని పరాయిదిగా చూడలేదు. 1901లో కటక్ మున్సిపాలిటీకి ఛైర్మన్‌గా ఎన్నికయ్యారు. ప్రభుత్వ అధికారి కాని వ్యక్తి ఎన్నికై ఆ పదవిలో కూర్చోవడం అక్కడ అదే మొదటిసారి. అప్పటికి సుభాష్ వయసు నాలుగేళ్లు.

సుభాష్ మొదట చదివిన మిషనరీ బడిలో బెంగాలీ నేర్పేవారు కాదు. 1909లో రావెన్‌షా కాలేజియేట్ స్కూల్లో చేరినప్పుడు మొదటిసారి మాతృభాషలో వ్యాసం రాయాల్సి వచ్చింది. తప్పులతడకగా రాశాడు. ఉపాధ్యాయుడు దాన్ని తరగతి ముందు చదివి వినిపిస్తే పిల్లలంతా నవ్వారు. సుభాష్‌కు తల కొట్టేసినట్టయింది. పట్టుబట్టి చదివాడు. ఏడాది చివరి పరీక్షలో బెంగాలీలో అందరికన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. వత్తులు, దీర్ఘాలు తప్పుతున్నాయని నా దగ్గర కళ్లనీళ్లు పెట్టుకునే వాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోండి.

నగరపాలనలో తొలి అడుగు

1920లో ఇంగ్లండులో ఐసీఎస్ పరీక్ష రాసి సుభాష్ నాలుగో స్థానంలో నిలిచారు. బ్రిటిష్ ప్రభుత్వం కింద కొలువు చేయడం ఇష్టం లేక 1921లో రాజీనామా చేసి కలకత్తా వచ్చి, దేశబంధు చిత్తరంజన్ దాస్ దగ్గర చేరారు.

అప్పుడే కలకత్తా నగరపాలనలో ఒక మార్పు వచ్చింది. సురేంద్రనాథ్ బెనర్జీ మంత్రిగా ఉండగా 1923లో తెచ్చిన చట్టంతో నగరానికి ఎన్నికైన మేయర్ ఉండే ఏర్పాటు జరిగింది. 1924 ఎన్నికల్లో దాస్ నాయకత్వంలోని స్వరాజ్య పార్టీ గెలిచింది. దాస్ మేయర్ అయ్యారు. డిప్యూటీ మేయర్ హుసేన్ షహీద్ సుహ్రావర్దీ. ఈయనే తర్వాతి కాలంలో, 1956లో, పాకిస్తాన్ ప్రధానమంత్రి అయ్యారు. ఒక నగరపాలక సంస్థలో పని నేర్చుకున్నవారు ఎంతెంత దూరం వెళ్లారో చూడండి!

సుభాష్‌ను కార్పొరేషన్‌కు ముఖ్య కార్యనిర్వహణాధికారిగా నియమించారు. వయసు 27. ఆ పదవికి నెల జీతం 3000 రూపాయలైతే, ఆయన 1500 మాత్రమే తీసుకున్నారు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. మేయర్ ఎన్నికైన ప్రతినిధి. ముఖ్య కార్యనిర్వహణాధికారి నియమితుడైన ఉద్యోగి. ఏం చేయాలో ఎన్నికైన సభ నిర్ణయిస్తుంది, దాన్ని అధికారి చేయిస్తాడు. ఈనాటి మన నగరాల్లో ఆ రెండో పని చూసేవారిని కమిషనర్ అంటాం. సుభాష్ ముందు అధికారిగా, తర్వాత మేయర్‌గా రెండు కుర్చీల్లోనూ కూర్చున్నారు.

మేయర్‌గా దాస్ చెప్పిన కార్యక్రమంలో పెద్ద పెద్ద మాటలు లేవు. ఉచిత ప్రాథమిక విద్య, పేదలకు ఉచిత వైద్యం, కల్తీలేని చౌక ఆహారం, పాలు, మురికివాడల్లో పారిశుద్ధ్యం, పేదలకు ఇళ్లు, మంచి రవాణా సౌకర్యం, తక్కువ ఖర్చుతో సమర్థంగా పాలన. వందేళ్ల కిందటి జాబితా ఇది. ఈ రోజు మీ ఊరి వార్డు మెంబరు కరపత్రం తీసి చూడండి, దాదాపు ఇవే కనిపిస్తాయి.

ఆ జాబితాలో కొన్ని పనులు త్వరగానే మొదలయ్యాయి. కార్పొరేషన్‌కు విద్యాశాఖ ఏర్పడింది. మగపిల్లలకు, ఆడపిల్లలకు ఉచిత బడులు తెరిచారు. వార్డుల్లో ఆరోగ్య సంఘాలు పెట్టారు. పేదలకు మందులిచ్చే ఆసుపత్రులు, పేద పసిపిల్లలకు ఉచితంగా పాలు పోసే కేంద్రాలు వచ్చాయి. ఉద్యోగుల యూనిఫారం ఖద్దరుకు మారింది. వీధులకు, పార్కులకు భారతీయ మహనీయుల పేర్లు పెట్టారు.

జైలులో ఫైళ్లు, జైలులోనే ఎన్నిక

సుభాష్ అధికారిగా ఎక్కువ కాలం పనిచేయలేకపోయారు. 1924 అక్టోబరు 25 తెల్లవారుజామున పోలీసులు ఆయనను అరెస్టు చేశారు. విచారణ లేదు. ఆలీపూర్ జైల్లో ఉన్న తొలి వారాల్లో కార్పొరేషన్ ఫైళ్లు అక్కడికే తెప్పించుకుని చూశారు. తర్వాత ఆయనను బర్మాలోని మాండలే జైలుకు పంపేశారు. అక్కడుండగానే, 1925 జూన్ 16న, గురువు దాస్ మరణించిన వార్త అందింది. ఆరోగ్యం బాగా చెడిపోయాక 1927 మే నెలలో విడుదలయ్యారు.

1930లో మళ్లీ జైలు. ఆ ఏడాది ఆగస్టులో, ఆయన ఇంకా ఆలీపూర్ జైల్లో ఉండగానే, కార్పొరేషన్ సభ్యులు ఆయనను మేయర్‌గా ఎన్నుకున్నారు. సెప్టెంబరులో విడుదలై ప్రమాణం చేశారు. దాస్ చెప్పిన పాత జాబితానే తన కార్యక్రమంగా ప్రకటించారు.

ఈ కథలో నచ్చని విషయాలు కూడా ఉన్నాయి. అవీ చెప్పుకోవాలి. ఆనాటి బెంగాల్ కాంగ్రెస్‌లో సుభాష్ వర్గం, జతీంద్ర మోహన్ సేన్‌గుప్తా వర్గం అని రెండుండేవి. సేన్‌గుప్తా కూడా గొప్ప దేశభక్తుడే. ఆయనా కలకత్తాకు మేయర్‌గా పనిచేశారు. అయినా కార్పొరేషన్ మీద పట్టు కోసం ఈ రెండు వర్గాలు చాలా కాలం పోట్లాడుకున్నాయి. ఆ పోట్లాటల్లో పోయిన సమయం నగరం పనులదే. పెద్దవాళ్ల జీవితాలను చదివేటప్పుడు ఇలాంటివి దాటేసి వెళ్లకూడదు.

1931 జనవరి 26న నగర మేయరే స్వయంగా ముందు నడుస్తూ ఊరేగింపు తీశారు. పోలీసుల లాఠీలు ఆయన మీదా పడ్డాయి. మళ్లీ శిక్ష, మళ్లీ జైలు. గాంధీ-ఇర్విన్ ఒప్పందం తర్వాత మార్చిలో విడుదలయ్యారు. అప్పటికి ఆయన మేయర్ కాలం దాదాపు ముగిసిపోయింది. ఆ తర్వాత మేయర్ అయిన డాక్టర్ బిధాన్ చంద్ర రాయ్ స్వాతంత్ర్యం వచ్చాక పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి అయ్యారు.

లెక్క చూస్తే సుభాష్ అధికారిగా కొన్ని నెలలు, మేయర్‌గా ఏడాది కూడా లేరు. మీ నాన్నగారి పోస్టింగు కన్నా తక్కువ! అయినా ఆ కాస్త కాలంలో బడులు, పాల కేంద్రాల గురించి ఆలోచించారు. "ఎలాగూ మళ్లీ పట్టుకుపోతారు, నాకెందుకు?" అనుకోలేదు.

ఈనాటి మేయర్

స్వతంత్ర భారతంలో 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఐదేళ్లకోసారి పట్టణ ఎన్నికలు జరగాలని, మొత్తం స్థానాల్లో కనీసం మూడో వంతు మహిళలకు ఉండాలని అది చెప్పింది. మేయర్‌ను ఎలా ఎన్నుకోవాలనేది రాష్ట్రాలకు వదిలేసింది. ఉత్తరప్రదేశ్‌లో ప్రజలే నేరుగా మేయర్‌కు ఓటు వేస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇప్పుడు కార్పొరేటర్లు ఎన్నుకుంటున్నారు. ఢిల్లీలో ఏడాదికొకసారి మేయర్ మారతారు. కంటోన్మెంట్‌లో ఉండేవాళ్లకు మేయర్ ఉండరు, కంటోన్మెంట్ బోర్డు ఉంటుంది. దానికి అధ్యక్షుడు సైన్యాధికారి. సభ్యుల్లో కొందరిని మాత్రం ప్రజలు ఎన్నుకుంటారు. మీరు నాలుగైదు ఊళ్లు తిరిగినవాళ్లు కాబట్టి ఈ తేడాలు మీకన్నా బాగా ఎవరికి తెలుస్తాయి!

మన వీధి కాలువ

ఇక ఆ చివరి బెంచీ అమ్మాయి దగ్గరికి వద్దాం. క్వార్టర్స్ నుంచి బడికి వచ్చే దారిలో ఒక మురుగు కాలువ ఉంది. దాని మీద పలక విరిగిపోయి చాలా నెలలైంది. అందరం పక్కనుంచి తప్పుకుని నడిచేవాళ్లం. ఒక వానరోజు రెండో తరగతి బాబు అందులో పడ్డాడు. కాలు విరిగింది. అంతకుముందు ఎవరైనా ఫిర్యాదు చేశారా అని అడిగితే, క్వార్టర్స్‌లో ఒక్కరు కూడా చేయలేదని తేలింది. అందరిదీ ఒకటే జవాబు: "మనం ఉండేది ఎన్నాళ్లు?" ఆ అందరిలో నేనూ ఉన్నాను. రోజూ ఆ దారినే వచ్చేదాన్ని. ఆ బాబు ఆరు వారాలు కట్టుతో ఉన్నాడు.

ఆ వారం మేం పాఠ్యపుస్తకంలోని లేఖా రచన పాఠాన్ని పక్కనపెట్టి నిజమైన లేఖ రాశాం. రాసింది ఆ అమ్మాయే. నేను వత్తులు మాత్రమే దిద్దాను. దాన్ని మరో విద్యార్థి ఆ ఊరి భాషలోకి మార్చాడు. వార్డు కార్పొరేటర్‌కు ఒక ప్రతి, కమిషనర్ కార్యాలయానికి ఒక ప్రతి ఇచ్చి, రసీదు తీసుకున్నాం. మూడు వారాలు ఏమీ జరగలేదు. మళ్లీ రాశాం. రెండు నెలలకు కొత్త పలక వేశారు. అప్పటికే ఆ అమ్మాయి తండ్రికి బదిలీ అయిపోయింది. ఫొటో తీసి పంపాను. "ఇక్కడ మా వీధిలో దీపాలు వెలగడం లేదు మేడమ్, ఎవరికి రాయాలి?" అని జవాబిచ్చింది.

నేనూ ఈ నెలలో ఫారం 8 నింపాను. ఇల్లు మారినవాళ్లు ఓటును కొత్త చిరునామాకు మార్చుకునే ఫారం అది. మీకు పద్దెనిమిదేళ్లు నిండేవరకు ఓటు ఉండదు. లేఖ రాయడానికి మాత్రం వయసు అడ్డం కాదు. జానకీనాథ్ గారికి కటక్ పుట్టిన ఊరు కాదన్న సంగతి మరిచిపోకండి.

కొత్త మాటలు

పారిశుద్ధ్యం: పరిసరాలను శుభ్రంగా ఉంచడం.
నియమితుడు: ఎన్నికతో కాకుండా, పైవారి ఉత్తర్వుతో పదవిలోకి వచ్చినవాడు.
తప్పులతడక: నిండా తప్పులున్న రాత.

తెలుసుకోండి, రాయండి

1. మీరు ఇప్పుడుంటున్న ఊరికి మేయర్ లేదా ఛైర్మన్ ఎవరు? మీ వార్డు ప్రతినిధి ఎవరు? కంటోన్మెంట్ అయితే బోర్డు సభ్యులెవరు?
2. మేయర్ పనికి, కమిషనర్ పనికి తేడా ఏమిటి? సుభాష్ జీవితం ఆధారంగా ఐదు వాక్యాల్లో రాయండి.
3. మీరు ఇంతవరకు ఉన్న ఊళ్లలో తాగునీరు, చెత్త, వీధి దీపాల ఏర్పాటు ఎక్కడ బాగుంది? ఎందుకు?
4. మీ వీధిలో బాగుచేయాల్సిన ఒక పని గురించి వార్డు ప్రతినిధికి లేఖ రాయండి. తేదీ వేయడం మరవకండి. నాకు చూపించాక దాన్ని నిజంగానే ఇచ్చి రండి.